పిడికిలి కొలత

ఎసరు పెట్టి
బియ్యం డబ్బాలో చెయ్యి పెడతాను.
మొదటి పిడికెడు చర్చికి.
మా అమ్మ అలాగే తీసేది, వాళ్ళమ్మా అలాగే.
మా మిజో కొండల్లో ఏ వంటింట్లో చూసినా
పొయ్యి పక్కన ఇంకో చిన్న డబ్బా.
శనివారం సంఘం ఆడవాళ్ళొచ్చి
అన్నీ ఒకే సంచిలో గుమ్మరించుకు పోతారు.
ఎవరి పిడికెడు ఎంతో సంచికి తెలీదు.

చేతికి తెలుసు.

కొత్త బియ్యమైతే వేళ్ళు ముడుచుకుంటాయి,
నూకలైతే ధారాళంగా విచ్చుకుంటాయి.
యాభై రెండేళ్ళకి కనిపెట్టాను ఈ సంగతి,
అదీ నిన్న రాత్రి.

అసలు గొడవ బియ్యం కాదులెండి.

చంఫాయి రోడ్డు మలుపులో నాకో వెదురు కొట్టుంది.
కొట్లో మనిషి ఉండదు.
గుమ్మడికాయలు, అల్లం, ఆకుకూర కట్టలు,
బొగ్గుతో ధరలు రాసిన చెక్క,
మూతకి చీలిక పెట్టిన పాలపొడి డబ్బా.
కావలసింది తీసుకుని డబ్బులు వేసి పోతారు.
లారీవాళ్ళు సైతం చిల్లర సరిగ్గా లెక్కపెట్టుకుంటారు.
పైన చేలో కలుపు తీసుకుంటూ
నేను ఆ డబ్బా ఊసే తలవను.
తలవనని అనుకునేదాన్ని.

వానలు పట్టిన వారం
లెక్కలో అరవై తగ్గింది.
రెండు గుమ్మడికాయల ఖరీదు.
ఆ పొద్దున ఆ దారిన దిగింది బియాక్‌సాంగా ఒక్కడే.
థాంగ్‌ఛింగి కొడుకు.
ఐజోల్లో పని పోయి ఇంటికొచ్చిన కుర్రాడు.

నేను ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.
ఒక్క మాట కూడా అనలేదని
నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో!
బుధవారం కూటంలో మోకాళ్ళూని
ప్రార్థన మాత్రం చేశాను, గట్టిగా:
"ప్రభువా, చేతివాటం అలవాటైన
మా యౌవనస్థులను జ్ఞాపకం చేసుకో."

వెనక వరసలో థాంగ్‌ఛింగి ఆమెన్ అనలేదు.

దేవుడి భుజం మీంచి రాయి విసిరాను.
గురి తప్పలేదు.

తర్వాత రెండు వారాలకి లెక్కలో అరవై ఎక్కువొచ్చింది.
దీవెన అన్నాను.
లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను,
ఇచ్చే చేతిని ఆయన ఖాళీగా ఉంచడని.
అందరూ తలలూపారు.

నిన్న కొట్టు దులుపుతుంటే
తడికకీ గుంజకీ మధ్య
మడిచి దోపిన సిగరెట్ పెట్టె అట్ట,
సగం చెమ్మ తాగి.
"రువాల్‌ఖూమీ పిన్నీ, రెండు గుమ్మడికాయలు తీసుకున్నాను.
ఇంటికి మనుషులొచ్చారు. కూలి డబ్బు రాగానే డబ్బాలో వేస్తాను."
కింద పేరు.
పేరు కింద గీత, బళ్ళో నేర్పినట్టు.

దేవుడికి చెప్పేశాను, అప్పటికప్పుడే.
ఆయనకి చెప్పడం సుళువు.
ఆయన పొద్దున్నే మా వీధి కుళాయి దగ్గరికి
బిందె పట్టుకుని రాడు.

రొట్టె పళ్ళెం తిరిగే ఆదివారాల్లో
ముందుగా ఒక్క నిమిషం నిశ్శబ్దం ఇస్తారు పాస్టరుగారు,
ఎవరి లోపల వాళ్ళు చూసుకోమని.
ఇన్నేళ్ళూ ఆ నిమిషంలో నేను
ఎవరు రాలేదో చూసేదాన్ని.

రాత్రి లాంతరు పట్టుకుని
వెనక దారిన వాళ్ళింటికి పోదామనుకున్నాను.
గుమ్మం దాకా పోయాను కూడా.
లోపల పళ్ళేల చప్పుడు. ఎవరో నవ్వారు.
అల్లం ధర అడిగే మిషతో తలుపు తట్టి
మధ్యలో ఎక్కడో ఆ మాట జారవిడిస్తే సరిపోదా?

నింద వేసింది నలుగురిలో.
తప్పయిందని గొణిగేది చీకట్లోనా?
వెనక్కి వచ్చేశాను.
అది భయమో వివేకమో ఇంకా తేలలేదు.
భయానికి వివేకం చొక్కా తొడగడం
నాకు బాగా చేతనవును.

ఇవాళ బుధవారం.
మోకాళ్ళ మీద కాదు,
నిలబడే చెప్పాలి, వెనక వరస వైపు తిరిగి.
ఆ రోజంత గొంతు ఉంటుందా ఇవాళ?

ఎసరు పొంగి పొయ్యి సగం ఆరింది.
పిడికిలి
ఇంకా బియ్యంలోనే ఉంది.